కంపెనీస్ హౌస్ రివ్యూ: ఫుట్‌బాల్ క్లబ్ ఓనర్ సంగతి కాగితాల్లో తేల్చుకునే చోటు

ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్ ఓనర్ మంచివాడా కాదా అని తేల్చడానికి అభిమానులు మామూలుగా రెండే చూస్తారు. జట్టు పట్టికలో ఎక్కడుంది, ఆటగాళ్ళని కొనుక్కునే కిందటి ట్రాన్స్‌ఫర్ విండోలో ఎవర్ని కొన్నారు. ఈ రెండూ ఓనర్ గురించి చెప్పేది చాలా తక్కువ. జట్టు గెలుస్తూ ఉండగానే క్లబ్ అప్పుల్లో మునిగిపోతూ ఉండొచ్చు. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, అప్పుగానా పెట్టుబడిగానా, మళ్ళీ ఎవరి చేతికి పోయింది అన్నవి కాగితాల్లోనే దొరుకుతాయి. ఆ కాగితాలన్నీ ఉండే చోటు కంపెనీస్ హౌస్. కార్డిఫ్ కేంద్రంగా పనిచేసే బ్రిటన్ ప్రభుత్వ కంపెనీల రిజిస్ట్రీ ఇది. దాని వెబ్‌సైట్ ఫుట్‌బాల్ అభిమానికి ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం.

ముందుగా ధర. 2015 జూన్‌కి ముందు ఒక్కో కాగితానికి 1 పౌండ్ తీసుకునేవారు. ఆ నెల నుంచి అంతా ఉచితం. లాగిన్ అక్కర్లేదు, ఏ దేశం నుంచైనా చూడొచ్చు. మన దగ్గర కంపెనీ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో ఒక కంపెనీ కాగితాలు చూడాలంటే 100 రూపాయలు కట్టాలి. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆ తర్వాత ఆటగాళ్ళకి జీతాలు ఇవ్వలేక ఎలా చతికిలబడిందో, 2025లో ఊరే మారి ఢిల్లీ ఎలా వెళ్ళిపోయిందో తెలిసినవాళ్ళకి ఇలాంటి సదుపాయం విలువ విడిగా చెప్పనక్కర్లేదు.

సెర్చ్‌లో క్లబ్ పేరు కొట్టగానే చాలామంది మొదటి తప్పు అక్కడే చేస్తారు. ఒక క్లబ్ వెనక ఒక్క కంపెనీ ఉండదు, గొలుసు ఉంటుంది. బ్లాక్‌బర్న్ రోవర్స్‌నే తీసుకోండి. ఈ క్లబ్‌కీ తెలుగువాళ్ళకీ నిజంగానే చుట్టరికం ఉంది. రోజూ పేపర్లో వచ్చే కోడిగుడ్ల నెక్ రేటు వెనక ఉన్న సంస్థని 1982లో నిలబెట్టిన డాక్టర్ బి.వి. రావు కుటుంబానిదే ఇది. ఆయన స్థాపించిన వెంకటేశ్వర హ్యాచరీస్, అంటే వెంకీస్ వాళ్ళు, 2010 నవంబర్‌లో 2.3 కోట్ల పౌండ్లకి క్లబ్‌ని కొన్నారు. ఆట నడిపే కంపెనీ పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్ ఫుట్‌బాల్ అండ్ అథ్లెటిక్ లిమిటెడ్. దాని పైన వెంకీస్ లండన్ లిమిటెడ్. ఆ పైన పుణేలోని వెంకటేశ్వర హ్యాచరీస్. కింది కంపెనీ లెక్కలు ఒక్కటే చదివితే పైనుంచి వచ్చిన డబ్బు అప్పులా కనిపిస్తుంది. పై కంపెనీకి ఆ డబ్బు ఏ రూపంలో చేరిందో రెండో ఫైల్ తెరిస్తేనే తెలుస్తుంది. కాబట్టి క్లబ్ లెక్కల్లో చివరి నోట్, అంతిమ యజమాని ఎవరని చెప్పే నోట్, ముందు చదవండి. అక్కడున్న ప్రతి బ్రిటన్ కంపెనీ పేరునీ మళ్ళీ సెర్చ్‌లో వేయండి.

కంపెనీ పేజీ తెరిస్తే పైన కొన్ని ట్యాబ్‌లుంటాయి. ఓవర్‌వ్యూలో తర్వాతి లెక్కలు ఎప్పటికల్లా దాఖలు చేయాలో ఉంటుంది. గడువు దాటితే అక్కడే ఎర్రక్షరాలతో ఓవర్‌డ్యూ అని పడుతుంది. ఆ ఎర్రక్షరాలు కనబడ్డాయంటే మిగతా అన్నీ పక్కనపెట్టి వాటి గురించే అడగాలి. డెర్బీ కౌంటీ 2021 సెప్టెంబర్‌లో అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే అప్పులు తీర్చలేక బయటి నిర్వాహకుల చేతికి, వెళ్ళేనాటికి క్లబ్ చివరిగా ఇచ్చిన లెక్కలు 2018 జూన్‌తో ముగిసిన ఏడాదివి. మూడేళ్ళు కాగితం రాలేదంటే అదే పెద్ద వార్త. ఆ సీజన్‌లో డెర్బీకి మొత్తం 21 పాయింట్లు కోత పడింది, 12 అడ్మినిస్ట్రేషన్‌కి, 9 లెక్కల ఉల్లంఘనలకి. ఆ ఏడే కింది డివిజన్‌కి పడిపోయారు.

ఈ సైట్‌కి గుండెకాయ ఫైలింగ్ హిస్టరీ. అక్కడ ప్రతి కాగితానికీ ఒక కోడ్ ఉంటుంది. నాలుగైదు గుర్తుంచుకుంటే చాలు. ఏఏ అంటే వార్షిక లెక్కలు. ఏపీ01 కొత్త డైరెక్టర్ వచ్చాడని, టీఎం01 ఒక డైరెక్టర్ వెళ్ళిపోయాడని. లెక్కలు దాఖలయ్యే ముందు ఫైనాన్స్ చూసే డైరెక్టర్ పేరు మీద టీఎం01 పడితే గమనించాలి. ఎస్‌హెచ్01 అంటే కొత్త షేర్లు జారీ అయ్యాయని. ఓనర్‌ని అంచనా వేయడానికి అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఇదే. ఓనర్ అప్పు ఇస్తే రేపు తిరిగి అడగొచ్చు, వడ్డీ వేయొచ్చు, క్లబ్ అమ్మేటప్పుడు బేరానికి వాడుకోవచ్చు. షేర్లు కొని డబ్బు పెడితే ఆ దారులన్నీ దాదాపు మూసుకున్నట్టే. షేర్లు జారీ అయిన నెల రోజుల్లో ఎస్‌హెచ్01 దాఖలు చేయాలి కాబట్టి, లెక్కల కోసం ఏడాది ఆగకుండా ఓనర్ ఈ మధ్య ఎంత పెట్టాడో దాదాపు వెంటనే తెలిసిపోతుంది. ఫారం తెరిచి రెండు అంకెలు చూడండి: ఎన్ని షేర్లు, ఒక్కోదానికి ఎంత చెల్లించారు. నగదు కాకుండా వేరే రూపంలో చెల్లించారని రాస్తే, పాత అప్పుని షేర్లుగా మార్చారేమో చూసుకోవాలి. అలాంటప్పుడు క్లబ్‌కి కొత్త డబ్బు రాలేదు, పాత బాకీ పోయింది. అదీ మంచిదే, కానీ రెండూ ఒకటి కాదు.

ఏఏ01 అనే కాగితం మీద కూడా కన్నేసి ఉంచాలి. లెక్కల ఏడాది ముగిసే తేదీని మార్చే ఫారం ఇది. ఆ ఏడాదిని ఒక్క రోజు కుదిస్తే చాలు, దాఖలు చేయడానికి ఆ నోటీసు ఇచ్చిన రోజు నుంచి మూడు నెలల గడువు దొరుకుతుంది. చట్టానికి లోబడినదే, కానీ మంచి లెక్కలున్న క్లబ్ ఇంత కష్టపడదు.

ఇక లెక్కల ఫైల్. పీడీఎఫ్ తెరవగానే మొదటి పేజీల్లో ఛైర్మన్ మాటలు, సీజన్ సంగతులు ఉంటాయి. వాటిని దాటేసి నేరుగా ఆడిటర్ నివేదికకి వెళ్ళండి. అందులో గోయింగ్ కన్సర్న్ అనే మాట పక్కన మెటీరియల్ అన్‌సర్టెన్టీ అని ఉందేమో చూడండి. ఉందంటే, వచ్చే పన్నెండు నెలలు క్లబ్ నడుస్తుందా అన్న దానిపై గట్టి సందేహానికి చోటుందని ఆడిటర్ రాతపూర్వకంగా హెచ్చరించినట్టు. ఛాంపియన్‌షిప్ (ప్రీమియర్ లీగ్‌కి కింది డివిజన్) క్లబ్‌ల లెక్కల్లో తరచూ కనిపించే ఇంకో వాక్యం, మాతృ సంస్థ అవసరమైన డబ్బు ఇస్తానని హామీ ఇచ్చింది అన్నది. ఆ వాక్యం చదివి ఊరుకోకూడదు. ఇవ్వగలదా అని కూడా అడగాలి. బ్లాక్‌బర్న్ విషయంలో భారత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ దర్యాప్తు వల్ల, 2023 నుంచి ఇక్కణ్ణుంచి డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కావాల్సి వచ్చింది. ఒక దశలో పంపే మొత్తానికి సమానంగా బ్యాంక్ గ్యారంటీ కూడా పెట్టమంది కోర్టు. ఇవ్వాలన్న ఉద్దేశం ఉన్నా ఇచ్చే దారి ఇరుకైంది. కంపెనీస్ హౌస్ కాగితం హామీని చూపిస్తుంది, కోర్టు గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూపించదు.

అంకెల దగ్గర మనవాళ్ళు తడబడేది రెండు చోట్ల. పేజీ పైన పౌండ్ గుర్తు పక్కన మూడు సున్నాలుంటే ప్రతి అంకెనీ వెయ్యితో గుణించాలి. 12,345 అని ఉంటే అది 1 కోటి 23 లక్షల 45 వేల పౌండ్లు. అంకె చుట్టూ బ్రాకెట్ ఉంటే మైనస్, అంటే నష్టం లేదా ఖర్చు. తర్వాత జీతాల నోట్ తీసి, మొత్తం జీతాల్ని మొత్తం ఆదాయంతో భాగించి వందతో గుణించండి. ఆదాయం 20,000, జీతాలు 24,000 అయితే 120 శాతం. టికెట్లు, టీవీ, షర్టులు అన్నీ కలిపి వచ్చిన ప్రతి వంద పౌండ్లకి 120 జీతాలకే పోతోందన్నమాట. ప్రీమియర్ లీగ్‌లోకి ఎగబాకాలన్న ఆశతో ఛాంపియన్‌షిప్‌లో చాలా క్లబ్బులు వంద దాటిపోతుంటాయి. ఆ లోటు పూడ్చేది ఓనర్, లేదా ఆటగాళ్ళ అమ్మకం. రెండూ ఆగిన నెల జీతాలు ఆగుతాయి.

ఆటగాళ్ళ కొనుగోలు లెక్క తెలియకపోతే లాభం నష్టం పేజీ అర్థం కాదు. 1 కోటి పౌండ్లకి ఐదేళ్ళ కాంట్రాక్ట్‌తో ఒకణ్ణి కొన్నారనుకోండి. నగదు ఎప్పుడు చెల్లించినా పుస్తకాల్లో ఏటా 20 లక్షల చొప్పున ఖర్చు రాస్తారు. దీన్నే అమార్టైజేషన్ అంటారు. రెండేళ్ళ తర్వాత పుస్తకంలో అతని విలువ 60 లక్షలు. అప్పుడు 70 లక్షలకి అమ్మితే పుస్తకంలో 10 లక్షల లాభం పడుతుంది, చేతిలోంచి మాత్రం నికరంగా 30 లక్షలు పోయాయి. మూడేళ్ళ తర్వాత మిగిలిన 40 లక్షలకి కొత్తగా నాలుగేళ్ళ కాంట్రాక్ట్ రాస్తే ఏటా ఖర్చు 10 లక్షలకి దిగుతుంది, ఒక్క పౌండ్ ఆదా కాకుండానే. అకాడమీలో పెరిగిన కుర్రాడికి పుస్తకంలో విలువ సున్నా. వాణ్ణి అమ్మితే వచ్చిందంతా లాభమే. 2024 ఫిబ్రవరిలో బ్లాక్‌బర్న్ తన సొంత అకాడమీ కుర్రాడు ఆడమ్ వార్టన్‌ని సుమారు 1.8 కోట్ల పౌండ్లకి క్రిస్టల్ ప్యాలెస్‌కి ఇచ్చేసింది. అభిమానుల గుండె తరుక్కుపోయిన ఆ అమ్మకం పుస్తకాల వైపు నుంచి చూస్తే అన్నిటికంటే లాభసాటిది.

అందుకే లాభం అంకె ఒక్కదాన్ని నమ్మకండి. ఆటగాళ్ళ అమ్మకాల లాభాన్నీ ఆస్తుల అమ్మకాల లాభాన్నీ తీసేసి మిగిలింది చూడండి. ఓనర్ రోజువారీగా క్లబ్‌ని ఎలా నడుపుతున్నాడో అక్కడ కనిపిస్తుంది.

ఆస్తుల అమ్మకం అంటే ఇక్కడ ఎక్కువగా స్టేడియం. ఓనర్ తన క్లబ్ స్టేడియాన్ని తన ఇంకో కంపెనీకే అమ్మి ఆ లాభంతో నష్టాన్ని కప్పేయడం. డెర్బీ 2018లో ప్రైడ్ పార్క్‌ని 8.11 కోట్ల పౌండ్లకి ఓనర్ కంపెనీకి అమ్మింది. బ్లాక్‌బర్న్ కూడా బ్రోక్‌హాల్‌లోని సీనియర్ ట్రైనింగ్ సెంటర్‌ని సుమారు 1.6 కోట్లకి వెంకీస్‌కే చెందిన మరో కంపెనీకి బదలాయించింది. కంపెనీస్ హౌస్ సత్తా పూర్తిగా బయటపడింది మాత్రం షెఫీల్డ్ వెన్స్‌డే విషయంలో. 2018 జూలైతో ముగిసిన ఏడాది లెక్కల్లో హిల్స్‌బరో స్టేడియాన్ని 6 కోట్ల పౌండ్లకి అమ్మినట్టు రాశారు. దాని వల్ల ఆ ఏడు నష్టం బదులు లాభం కనిపించింది. స్టేడియం కొన్న కంపెనీ పేరు షెఫీల్డ్ 3 లిమిటెడ్. దాని పేజీ తెరిస్తే ఓవర్‌వ్యూలోనే పుట్టిన తేదీ ఉంటుంది: 2019 జూన్. కంపెనీయే పుట్టకముందు ముగిసిన ఏడాదిలో ఆ కంపెనీకి అమ్మకం ఎలా జరిగింది? తేదీ చూడటానికి పట్టేది అర నిమిషం. లీగ్ ఆ లాభాన్ని తప్పు ఏడాదిలో రాశారన్న కేసులో 2020లో 12 పాయింట్లు కోసింది, అప్పీల్లో అది 6కి తగ్గింది. 2020-21 సీజన్ ముగిసేసరికి జట్టు అట్టడుగున నిలిచి కిందికి పడిపోయింది.

ఓనర్ మీద అనుమానం ఉన్నవాళ్ళు తప్పక చదవాల్సింది రిలేటెడ్ పార్టీ నోట్. ఓనర్‌కి, అతని కుటుంబానికి, అతని ఇతర కంపెనీలకి క్లబ్ ఇచ్చిన డబ్బు, తీసుకున్న డబ్బు అక్కడ రాయాలి. ఫైల్ చివర్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. బ్లాక్‌పూల్ 2010-11లో ఒకే ఒక్క సీజన్ ప్రీమియర్ లీగ్‌లో ఆడింది. ఆ ఏడాది లెక్కల్లో ఓనర్ ఓవెన్ ఓయ్‌స్టన్ కంపెనీకి 1.1 కోట్ల పౌండ్లు చెల్లించినట్టు ఉంది. చిన్న స్టేడియం, బొటాబొటీ జట్టు ఉన్న క్లబ్ నుంచి అంత మొత్తం! 2017లో హైకోర్టు ఓయ్‌స్టన్‌లు క్లబ్‌ని అక్రమంగా దోచుకున్నారని తేల్చి, మరో వాటాదారుడు వాలెరి బెలోకాన్‌కి 3.1 కోట్ల పౌండ్లకి పైగా చెల్లించమంది. ఆ కుటుంబం క్లబ్ వదిలి పోయేదాకా ఒక్క పైసా ఇవ్వబోమని ఏళ్ళ తరబడి స్టేడియం బయటే నిలబడ్డ బ్లాక్‌పూల్ అభిమానుల చేతిలో ఉన్న బలమైన ఆధారాల్లో ఈ కాగితం ఒకటి.

ఛార్జెస్ ట్యాబ్‌లో తాకట్లు ఉంటాయి. ఎంఆర్01 అంటే కొత్త తాకట్టు, ఇచ్చిన 21 రోజుల్లో నమోదు చేయాలి. ఎంఆర్04 అంటే తీరిపోయింది. ఎవరి దగ్గర పెట్టారన్నది చూడండి. పెద్ద బ్యాంకు పేరుంటే సరే. ఎక్కువ వడ్డీకి స్వల్పకాలం అప్పిచ్చే ఫైనాన్స్ సంస్థ పేరుంటే బ్యాంకులు ఇవ్వనన్నాయేమో అనుకోవాలి. 2022 డిసెంబర్‌లో వెస్ట్ బ్రామ్ ఎంఎస్‌డీ అనే సంస్థ దగ్గర 2 కోట్ల పౌండ్ల అప్పు తెచ్చినప్పుడు, అభిమానులు తాకట్టు వివరాలు చదువుకున్నది ఇక్కడే. బరీ క్లబ్ గిగ్ లేన్ మైదానం మీద కూడా 2018 డిసెంబర్‌లో 1 పౌండ్‌కి క్లబ్ చేతులు మారేసరికే తాకట్టు ఉంది. 2019 ఆగస్టులో బరీని లీగ్ నుంచే వెలివేశారు. 1885లో పుట్టిన క్లబ్ అది.

ఇప్పుడు ఈ సైట్ లోపాలు. అన్నిటికంటే విసుగు పుట్టించేది, చాలా ఫైళ్ళు స్కాన్ చేసిన బొమ్మలు కావడం. అరవై పేజీల పీడీఎఫ్‌లో మాట వెతికితే దొరకదు. ముందు డౌన్‌లోడ్ చేసి బొమ్మలోని అక్షరాల్ని చదివే ఏదైనా ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌లో వేయాలి, అదీ 3ని 8గా చదువుతుంది. అంకెల్ని కంటితో సరిచూసుకోక తప్పదు. కూడికలు వేసి చూస్తే తప్పు పట్టుబడుతుంది.

రెండోది ఆలస్యం. ప్రైవేట్ కంపెనీకి ఏడాది ముగిశాక 9 నెలల గడువు ఉంది. అంటే మనం చదివే లెక్కలో మొదటి నెల ఖర్చు అప్పటికే దాదాపు ఇరవై నెలల పాతది. గడువు దాటినా నెలలోపైతే జరిమానా 150 పౌండ్లు, ఆరు నెలలు దాటినా 1,500 పౌండ్లే. వారానికి వేల పౌండ్ల జీతాలిచ్చే క్లబ్‌కి ఇదొక లెక్క కాదు. ఇది మారాలి.

మూడోది, చిన్న కంపెనీలకి ఇచ్చిన మినహాయింపు. కింది డివిజన్ల క్లబ్బులు చాలావరకు లాభనష్టాల పేజీ ఇవ్వకుండా బ్యాలెన్స్ షీట్ ఒక్కటే పెట్టొచ్చు. అలాంటప్పుడు చేయగలిగింది ఒకటుంది. బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే ఉండే మిగులు పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత అని తేడా తీయండి. మధ్యలో షేర్లు జారీ కాకపోతే ఆ తేడాయే సుమారుగా నష్టం. ఏడాదిలోపు తీర్చాల్సిన బాకీలు పెరుగుతున్నాయా అన్నది రెండో గుర్తు. పన్ను బాకీ విడిగా చూపిస్తే దాన్ని తప్పక చూడండి. డబ్బు అయిపోతున్న క్లబ్ ముందుగా ఆపేది పన్నే.

గొలుసు కేమన్ దీవులకో జెర్సీ దీవికో చేరిందంటే అక్కడితో దారి ముగుస్తుంది. మాంచెస్టర్ యునైటెడ్ మాతృ సంస్థ కేమన్ కంపెనీ. కాకపోతే న్యూయార్క్‌లో లిస్ట్ అయింది కాబట్టి అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ సైట్‌లో మూడు నెలలకోసారి వివరాలు దొరుకుతాయి, ఇక్కడికంటే మెరుగ్గా. ఇంకో సంగతి, 2024 మార్చి దాకా ఇచ్చిన కాగితాన్ని ప్రశ్నించే అధికారం రిజిస్ట్రీకి పెద్దగా లేదు. అంతకుముందు దాఖలైన వాటిలో ఆడిటర్ సంతకం ఉన్న లెక్కలకి ఇచ్చినంత విలువ మిగతా ఫారాలకి ఇవ్వకండి.

లీగ్ నిబంధనలకి ఇక్కడి లెక్కలు నేరుగా సరిపోవన్నది కూడా గుర్తుండాలి. ఛాంపియన్‌షిప్‌లో చాలాకాలంగా ఉన్న నియమం ప్రకారం మూడు సీజన్లకి కలిపి 3.9 కోట్ల పౌండ్ల నష్టం దాకా ఒప్పుకుంటారు, అదీ 1.5 కోట్లు దాటిన భాగాన్ని ఓనర్ షేర్ల రూపంలో పూడిస్తేనే. అకాడమీ, మహిళల జట్టు, స్టేడియం పనుల ఖర్చు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి కంపెనీస్ హౌస్‌లో 5 కోట్ల నష్టం కనిపించగానే పాయింట్ల కోత ఖాయమని అరవకూడదు.

మరి ఈ కాగితాలన్నీ చదివాక వెంకీస్ ఎలాంటి ఓనర్లు? డబ్బు వైపు తీర్పు స్పష్టం. క్లబ్‌లోంచి పిండుకున్నవాళ్ళు కాదు. 20 కోట్ల పౌండ్లకి పైగా పోశారు. ఓయ్‌స్టన్‌లతో పోల్చడం అన్యాయం. అయినా 2012 మే 7న విగాన్ మ్యాచ్‌లో, జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి పడిపోయిన రాత్రి, అభిమానులు క్లబ్ జెండా కప్పిన కోడిని మైదానంలోకి వదిలారు. 1995లో లీగ్ గెలిచిన క్లబ్ 2017లో మూడో డివిజన్‌కి కూడా దిగింది. అభిమానులు కృతఘ్నులని ఇక్కడ కొందరంటారు, అది తప్పు. వాళ్ళు అడుగుతున్నది వేరే. కొన్న కొద్ది వారాలకే అనుభవజ్ఞుడైన మేనేజర్ సామ్ అల్లార్డైస్‌ని ఎందుకు తీశారు, నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు, మైదానానికి ఎందుకు రారు. వీటికి ఏ నోట్‌లోనూ జవాబు లేదు. కంపెనీస్ హౌస్ ఓనర్ నిజాయితీని, ఓపికని, జేబు లోతుని కొలవగలదు. తెలివిని కొలవలేదు. ఆ రెండూ కలిపి తిట్టేవాళ్ళూ పొగిడేవాళ్ళూ ఇద్దరూ పొరబడతారు.

ఉచితంగా దొరికే సేవల్లో ఇంత పదునైనది ఇంకోటి కనిపించదు. ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు, స్కాన్ ఫైళ్ళకీ నామమాత్రపు జరిమానాలకీ ఒకటి తగ్గించి. కంపెనీ పేజీ మీద ఫాలో అనే బటన్ ఉంది. ఈమెయిల్‌తో ఉచిత ఖాతా తెరిచి దాన్ని నొక్కితే కొత్త కాగితం పడ్డప్పుడల్లా కబురొస్తుంది. క్లబ్ కంపెనీకీ, దాని పై కంపెనీకీ రెండింటికీ నొక్కండి. బ్లాక్‌బర్న్ ఏడాది జూన్ 30తో ముగుస్తుంది కాబట్టి లెక్కలకి గడువు మార్చి 31. ఆ వారం మెయిల్ చూసుకుంటూ ఉండండి.